ఏటది? – కుక్క ముక్కు వెనక నూరేళ్ళ కథ

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారన్న భయంతో పెరిగిన తరం మాది. కసౌలీలో 1911లో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు రూపొందించిన పద్ధతి అది. గొర్రెల మెదడు నుంచి తీసే ఆ టీకాని మన దేశం పూర్తిగా మానుకునేసరికి 2005 వచ్చింది. అంటే మా చోడవరంలో నా ఈడు వాళ్ళందరికీ కుక్క అంటే ముందు గుర్తొచ్చేది తోకా కాదు, మొరుగుడూ కాదు, సూది. (చోడవరం అనగానే చాలామంది రంపచోడవరం అనుకుంటారు. అది గోదావరి వైపుది. మాది అనకాపల్లి నుంచి మాడుగుల, పాడేరు వెళ్ళే దారిలో వచ్చే చోడవరం. స్వయంభూ వినాయకుడి గుడి, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా.)

ఇలాంటి ఊళ్ళో నిలబడి "కుక్కకి వాసన చూసే వ్యాయామం చేయిస్తే బుద్ధి కుదురుతుంది, దెబ్బ తిన్న కాలు కూడా తొందరగా తేరుకుంటుంది" అంటే నవ్వుతారు. మనుషులకే ఫిజియోథెరపీకి దిక్కు లేదు, కుక్కకా? అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ ఆలోచన నిన్నా మొన్నా ఎవరో డబ్బున్నవాళ్ళు కాలక్షేపానికి కనిపెట్టింది కాదు. దాని వెనక నూరేళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో సగం సిగ్గుపడాల్సింది. మిగతా సగం మన మునిసిపాలిటీలకీ, పంచాయతీలకీ ఈరోజు అక్కరకొచ్చేది. అందుకే ఈ టపా.

మొదలు మన దగ్గర్నుంచే పెడదాం. మహాభారతం కథ ఎక్కడ మొదలవుతుంది? జనమేజయుడి యాగం దగ్గర. అక్కడికి ఒక కుక్కపిల్ల వస్తుంది. దేవతల కుక్క సరమ కొడుకు. అది హవిస్సు నాకలేదు, కనీసం అటు చూడనైనా లేదు. అయినా జనమేజయుడి తమ్ముళ్ళు దాన్ని చావగొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతే, సరమ వచ్చి "ఏ తప్పూ చెయ్యని బిడ్డని ఎందుకు కొట్టారు?" అని నిలదీసింది. వాళ్ళ దగ్గర జవాబు లేదు. అప్పుడు సరమ ఇచ్చిన శాపం ఏమిటంటే, ఎటు నుంచి వస్తుందో తెలియని భయం మీకు వస్తుంది అని. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ్య దీన్ని తెలుగులోకి తెచ్చాడు.

నాకు ఈ శాపం చాలా ఇష్టం. కారణం లేకుండా కొడితే, కారణం తెలియని భయం పుడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలలు కోట్లు ఖర్చు పెట్టి తేల్చింది అచ్చంగా ఇదే. కాకపోతే అక్కడ భయం పుట్టింది కొట్టినవాడిలో కాదు, కొట్టించుకున్న కుక్కలో. ఆ తరవాత మనవాళ్ళు మాత్రం సరమని మర్చిపోయి, శతకాల్లో కుక్కని సింహాసనం ఎక్కించి మరీ తిట్టారు. అది వేరే సంగతి :)

ఇహ రష్యా వెళదాం. పావ్లోవ్ అనగానే గంట, చొంగ గుర్తొస్తాయి. స్కూలు పుస్తకంలో అంతే ఉంది. ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది అందుకు కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. ప్రయోగం మధ్యలో కుక్క దృష్టి చెదరగొట్టే ప్రతిదాన్నీ ఆయన శత్రువులా చూశాడు. పక్క గదిలో అడుగుల చప్పుడు, గాలికొచ్చే వాసన, కిటికీ మీద వెలుతురు మారడం, దేనికైనా కుక్క తల తిప్పేది, చెవులు రిక్కించేది, ముక్కెత్తేది. వీటన్నిటినీ తప్పించడానికి పీటర్స్‌బర్గ్‌లో ప్రత్యేకంగా ఒక భవనమే కట్టించాడు. దాన్ని "నిశ్శబ్ద గోపురం" అని పిలిచేవాళ్ళు. మందపాటి గోడలు, శబ్దం చొరబడని గదులు.

అన్నట్టు, ఆ తల తిప్పడానికి ఆయన పెట్టిన పేరు "ఏమిటది? రిఫ్లెక్స్". మా ఉత్తరాంధ్రలో అయితే "ఏటది?" అనాలి. కొత్తది ఏదొచ్చినా అదేటో తెలుసుకోవాలనే తపన. ఇది లేని జంతువు బతకలేదనీ, మనిషిలో ఇదే పెరిగి పెరిగి విజ్ఞానశాస్త్రం అయిందనీ పావ్లోవే రాశాడు. విచిత్రం చూడండి, శాస్త్రానికి మూలం ఇదే అన్న మనిషి, తన కుక్కల్లో దాన్ని నొక్కెయ్యడానికి గోపురం కట్టాడు.

ఆ ప్రయోగశాలలోనే 1914 ప్రాంతంలో షెంగర్-క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలు ఒక పని చేసింది. గుండ్రటి బొమ్మ చూపిస్తే తిండి, కోడిగుడ్డు ఆకారం చూపిస్తే ఏమీ లేదు. కుక్క తొందరగానే నేర్చుకుంది. అప్పుడు ఆ కోడిగుడ్డు ఆకారాన్ని కొంచెం కొంచెంగా గుండ్రంగా మారుస్తూ పోయారు. పొడవూ వెడల్పూ 9:8 నిష్పత్తికి వచ్చేసరికి కుక్కకి తేడా సరిగ్గా అందలేదు. మూడు వారాలు అవస్థ పడింది. ఆ తరవాత అప్పటిదాకా ఎంతో నెమ్మదిగా ఉన్న ఆ కుక్క కీచుమని అరవడం, గింజుకోవడం, పరికరాల గొట్టాలని కొరకడం మొదలెట్టింది. గదిలోకి తీసుకెళ్తుంటేనే మొరిగేది. ముందు ఇట్టే చెప్పగలిగిన పెద్ద తేడాలు కూడా మర్చిపోయింది.

ఇక్కడ ఎవరూ దాన్ని కొట్టలేదు, తిండి మాన్పలేదు. కళ్ళకి అందని పని అప్పజెప్పారు, అంతే. కుక్క "పిచ్చిది" అయిపోయింది. మరి బాగు చెయ్యడానికేం చేశారు? మళ్ళీ తేలికైన తేడా దగ్గరికి, అంటే పూర్తి కోడిగుడ్డు ఆకారానికి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి నెమ్మదిగా నడిపించారు. మొదటిసారి కంటే ఎక్కువ కాలం పట్టింది గానీ కుక్క కుదుటపడింది. మళ్ళీ 9:8కి తేగానే మళ్ళీ మొదటికొచ్చింది. నాకు తెలిసినంతలో ఇంద్రియాలకి పెట్టే పని వల్ల ప్రవర్తన చెడడమూ, అదే పనిని తేలిక చేసి ఇస్తే ప్రవర్తన బాగుపడడమూ ఒకే కుక్కలో, ఒకే గదిలో, కాగితం మీద నమోదైన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మా వృత్తిలో చెప్పాలంటే బగ్గునీ, ఫిక్స్‌నీ ఒకే రిపోర్టులో రాసి పెట్టారు. ఫిక్స్ అన్నదాన్ని యాభై ఏళ్ళు ఎవరూ చదవలేదు.

పావ్లోవ్ దగ్గరివే ఇంకో రెండు సంగతులు చెప్పి ముందుకెళ్తాను. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కి పెద్ద వరద వచ్చింది. కుక్కల గూళ్ళలోకి నీళ్ళొచ్చాయి. వాటిని ఈదించి బయటికి తెచ్చారు. తరవాత చూస్తే కొన్ని కుక్కలు నేర్చుకున్నవన్నీ మర్చిపోయాయి. వాటిలో ఒకటి నెమ్మదిగా తేరుకున్నాక, గది తలుపు కింద నుంచి కాసిని నీళ్ళు పారనిచ్చి చూశారు. అంతే, మళ్ళీ కూలబడింది. రెండోది 1917 నాటి మాట. ఒక కుక్క పట్టీలకి కట్టి నిలబెడితే ఏ ప్రయోగానికీ లొంగలేదు. జబ్బేమీ లేదు, దానికి కట్టు నచ్చలేదు. పావ్లోవ్ దానికి "స్వేచ్ఛ రిఫ్లెక్స్" అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టాడు గానీ కట్టు మాత్రం విప్పలేదు. స్టాండు మీద నిలబడితేనే తిండి పెట్టి, నెలల తరబడి లొంగదీశాడు.

ఇదే కాలంలో ప్రయోగశాల బయట కుక్కల శిక్షణ ఎలా ఉండేదంటే, జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో ఒక పుస్తకం రాశాడు. కర్ర, ముళ్ళ పట్టీ, ఆజ్ఞ. పోలీసు కుక్కలకీ యుద్ధ కుక్కలకీ అదే బాటయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో మొదటి గైడ్ కుక్కల బడి పెట్టింది కూడా జర్మన్లే. అంటే కుక్క కళ్ళూ ముక్కూ మనిషికి పనికొస్తాయని అందరికీ తెలుసు. ఆ కళ్ళూ ముక్కూ ముందుగా కుక్కకి ఎలా పనికొస్తాయి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు.

ఆ ప్రశ్న ముందుగా, కొంచెం అడ్డదారిలో, కెనడాలో వచ్చింది. మెక్‌గిల్ యూనివర్సిటీలో డొనాల్డ్ హెబ్ శిష్యులు 1950లలో స్కాటిష్ టెర్రియర్ కుక్కపిల్లల్ని పాలు మాన్పినప్పట్నుంచి నెలల తరబడి మూసిన గూళ్ళలో పెంచారు. తిండికి లోటు లేదు. లోకం మాత్రం లేదు. బయటికి వదిలాక ఏమైందో మెల్జాక్, స్కాట్ 1957లో రాశారు. వెలిగించిన అగ్గిపుల్ల ముక్కు ముందు పెడితే మామూలు కుక్క ఒక్కసారి కాలగానే దూరం జరుగుతుంది. ఇవి మాత్రం మంట మీదికి ముక్కు మళ్ళీ మళ్ళీ పెట్టాయి. నొప్పి తగలక కాదు, ఆ నొప్పి దేని వల్లో, దాని నుంచి ఎలా తప్పుకోవాలో తెలియక. చర్మం, ముక్కు, కళ్ళు పుట్టుకతో వస్తాయి గానీ, వాటిని వాడుకోవడం నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి లోకం కావాలి.

1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే ముగ్గురు ఎత్తైన కంచె వేసిన పొలంలో మనిషి కంటబడకుండా కుక్కపిల్లల్ని పెంచి, ఒక్కో జట్టుని ఒక్కో వయసులో మనుషులకి పరిచయం చేశారు. మూడు వారాల నుంచి తొమ్మిది వారాల దాకా పరిచయమైనవి కలిసిపోయాయి. పధ్నాలుగు వారాల దాకా మనిషిని చూడనివి అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. మన వీధి కుక్కపిల్లలు ఆ తొమ్మిది వారాల్లో మనుషుల నుంచి నేర్చుకునేది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. చీపురుకట్ట, వేడినీళ్ళు, రాయి.

1967లో పెన్సిల్వేనియాలో సెలిగ్‌మన్, మేయర్ చేసిన ప్రయోగాలు చాలామంది చదివే ఉంటారు. తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తరవాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడుకున్నాయి. దీన్ని "నేర్చుకున్న నిస్సహాయత" అన్నారు. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది, ఆ మరుసటేడు వాళ్ళే ప్రచురించిన చికిత్స. కుక్కని పట్టీతో చాలాసార్లు అవతలికి లాక్కెళ్ళి, "నువ్వు కదిలితే ఫలితం మారుతుంది" అని ఒంటికి తెలిసేలా చేస్తే, అవి మళ్ళీ వాటంతటవే కదిలాయి. ఇంకా ఆసక్తికరమైన సంగతి, యాభై ఏళ్ళ తరవాత 2016లో అదే ఇద్దరూ తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట, దెబ్బ తగిలితే ఒళ్ళు సహజంగా చేసేదే అదట. నేర్చుకోవాల్సింది "నా చేతిలో కొంత ఉంది" అన్న విషయాన్నట.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎందుకంటే ఇవాళ కుక్కలకి చేయించే ఇంద్రియ వ్యాయామాలన్నిటికీ మూలం ఇదేనని నా అభిప్రాయం. వాసనలోనో, గోనెసంచిలోనో మహత్యం ఏమీ లేదు. "నేను వెతికాను, నాకు దొరికింది" అన్న అనుభవంలో ఉంది.

ఇహ ఒంటి సంగతి. చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1906లో ఒక మాట పుట్టించాడు, ప్రొప్రియోసెప్షన్ అని. కళ్ళు మూసుకున్నా నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలుస్తుంది కదా, ఆ జ్ఞానం. ఒంటి ఎరుక అనుకుందాం. కండరాలూ కీళ్ళూ మెదడుకీ వెన్నుకీ ఎప్పటికప్పుడు పంపే కబురు అది. వెన్ను దెబ్బ తిన్న కుక్క పాదాన్ని వెనక్కి మడిచి, వేళ్ళ పైభాగం మీద అడుగు వేస్తుంది. కాలికి బలం లేక మాత్రమే కాదు, కాలు ఎలా పడిందో పైకి కబురు అందక. అందుకే కుక్కల ఫిజియోథెరపీలో రకరకాల నేలల మీద నడిపించడం, నేలకి జానెడు ఎత్తులో పెట్టిన కర్రల మీదుగా అడుగులు వేయించడం, కదిలే దిండు మీద నిలబెట్టడం ఉంటాయి. పోయిన కబురు మళ్ళీ పంపించడమే వీటన్నిటి పని. 1990ల నుంచి అమెరికా, యూరప్‌లలో ఇది పశువైద్యంలో ఒక శాఖగా నిలబడింది.

దీంట్లోకి ముక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 2012లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రమాదాల్లోనో జబ్బుతోనో వెన్ను దెబ్బ తిన్న 34 పెంపుడు కుక్కల మీద ఒక పరీక్ష చేశారు. 23 కుక్కలకి వాటి ముక్కు లోపలి పొర నుంచే కణాలు తీసి, పెంచి, వెన్నులోకి ఎక్కించారు. మిగతా వాటికి ఉత్త ద్రవం. ఎందుకు ముక్కే? వాసన నాడులు జీవితాంతం చచ్చి మళ్ళీ పుడుతూ ఉంటాయి, వాటికి దారి చూపించే కణాలు అక్కడే ఉంటాయి కాబట్టి. కణాలు ఎక్కించిన కుక్కల్లో ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ పొందిక మెరుగైంది. అద్భుతం కాదు. మూత్రం మీద అదుపు రాలేదు, మెదడు దాకా తీగ మళ్ళీ కలవలేదు. కానీ కుక్క ఒంట్లో బాగుపడడం మర్చిపోని చోటు ఏదైనా ఉందంటే అది ముక్కే అని తేలింది. ఇంకో పదేళ్ళకి, 2022లో, కార్నెల్ వాళ్ళు కుక్క మెదడులో వాసన భాగం నుంచి నేరుగా చూపు భాగానికి పెద్ద దారి ఉందని చూపించారు. అంటే కుక్క వాసనతో కూడా "చూస్తుంది" అన్నది ఉత్త పోలిక కాదు, వైరింగే అలా ఉంది.

ప్రవర్తన వైపు ఏం జరిగిందంటే, 1970లలో లిండా టెల్లింగ్టన్-జోన్స్ అనే గుర్రాల శిక్షకురాలు మనుషుల కోసం పుట్టిన ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి నేర్చుకుని, దాన్ని జంతువులకి మార్చింది. నెమ్మదిగా నిమరడం, రకరకాల నేలల మీద నింపాదిగా నడిపించడం. ఆ పాఠశాల నుంచే వచ్చిన ఇంగ్లండ్ శిక్షకురాలు సారా ఫిషర్ తరవాత "ఫ్రీ వర్క్" అని మొదలెట్టింది. పట్టీ విప్పేసి, చాపలు, పలకలు, ఇసుక, గడ్డి పరిచి, అక్కడక్కడా తినుబండారాలు పెట్టి, కుక్క ఎటు పోతే అటు పోనిచ్చి, మనిషి మాట్లాడకుండా గమనించడం. పావ్లోవ్ స్టాండుకి అచ్చంగా తలకిందులు. 2006 ప్రాంతంలో కాలిఫోర్నియాలో డిటెక్షన్ కుక్కల అనుభవం ఉన్నవాళ్ళు, పోలీసు కుక్క చేసే వెతుకుడునే ఇంట్లో కుక్కలకీ షెల్టర్ కుక్కలకీ ఆటగా మార్చారు.

వీటికి రుజువులున్నాయా? కొన్నిటికి ఉన్నాయి. 2019లో డురాన్టన్, హోరోవిట్జ్ ఇరవై పెంపుడు కుక్కల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండు వారాలు వాసనతో వెతికే ఆట ఆడింది. రెండోది అంతే కాలం యజమాని పక్కన బుద్ధిగా నడవడం నేర్చుకుంది. తరవాత తిండి ఉందో లేదో తెలియని గిన్నె ముందు పెడితే, వాసన జట్టు ముందుకంటే ఆత్రంగా గిన్నె దగ్గరికి వెళ్ళింది. అంటే "ఉంటుందిలే" అని ఆశపడింది. రెండో జట్టులో మార్పు లేదు. షెల్టర్లలో 2002లో చేసిన అధ్యయనంలో శాస్త్రీయ సంగీతానికి కుక్కలు నెమ్మదించాయి, హెవీ మెటల్‌కి ఎక్కువ మొరిగాయి. 2005లో లావెండర్, చామంతి జాతి వాసనలకి ఎక్కువ విశ్రాంతి తీసుకున్నాయి. 2018లో కొబ్బరి, అల్లం, వెనీలా వాసన పట్టించిన గుడ్డలు పెడితే పదిహేను కుక్కల్లో అరుపులు తగ్గాయి. కొబ్బరీ అల్లం మన వంటింట్లోవే కదండీ!

కొన్నిటికి రుజువులు లేవు, అదీ చెప్పాలి. అమెరికా సైన్యం "సూపర్ డాగ్" పథకం నుంచి వచ్చిందంటూ, పుట్టిన మూడో రోజు నుంచి పదహారో రోజు దాకా కుక్కపిల్లకి అయిదు చిన్న చిన్న ప్రేరణలు ఇస్తే (కాలివేళ్ళ మధ్య దూదిపుల్లతో గిలిగింత, తలకిందులుగా పట్టుకోవడం, చల్లటి తడిగుడ్డ మీద పెట్టడం వగైరా) మహా కుక్క అవుతుందని చాలామంది బ్రీడర్లు నమ్ముతారు. 2011లో మందుపాతరలు పసిగట్టే కుక్కల మీద పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటికే మంచి వాతావరణంలో పెరిగే పిల్లలకి ఆ అయిదు సెకన్లు కొత్తగా ఇచ్చేదేముంటుంది? నిమరడం వల్ల ఎముకలు అతుక్కుంటాయని చెప్పేవాళ్ళని కూడా నమ్మక్కర్లేదు.

తెలుగువాళ్ళకి దగ్గరి ఉదాహరణ ఒకటుంది, రాజపాళయం కుక్క. తమిళనాడులోని ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే రాజులు విజయనగర కాలం నాటి నుంచీ స్థిరపడ్డారు. వాళ్ళు పెంచుకున్న తెల్లటి వేటకుక్క అది. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి. పాలలాంటి తెలుపు కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచడంతో ఆ జాతిలో పుట్టు చెవుడు వచ్చింది. రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ కావాలి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి కణాలు చచ్చిపోతాయి. అలాంటి కుక్కని పిలిస్తే రాదు, వెనక నుంచి తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. జనం "మొండిది, పొగరుబోతుది" అంటారు. చేతి సైగలతో, నేల మీద కాలితో తట్టి, మెల్లగా తాకి నేర్పితే ఇట్టే నేర్చుకుంటుంది. ప్రవర్తన లోపం అని మనం ముద్ర వేసేదాంట్లో ఎంత భాగం ఇంద్రియాల సంగతో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో, 2021లో, నేను చోడవరంలో మా మేనత్తగారింట్లో కొన్ని నెలలున్నాను. వాళ్ళ వీధి కుక్కొకటి, కర్రిగాడు, చెరుకు ట్రాక్టరు తగిలి వెనక కాలు ఈడుస్తోంది. టీకాలు వేయించి ఉన్న కుక్కే. పశువుల డాక్టరుగారు చూసి ఎముక విరగలేదు, నరం నలిగింది, చూద్దాం అన్నారు. కాలు కంటే దాని కోపం పెద్ద సమస్య. ట్రాక్టరు చప్పుడు వినిపిస్తే చాలు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీదికి ఎగబడేది. నొప్పి తగ్గాక, డాక్టరుగారిని అడిగే మొదలెట్టాం. పెరట్లో ఒక పక్క గోనెసంచి, ఒక పక్క ఇసుక, కొబ్బరి పీచు, ఎండుగడ్డి, రెండు ఇటుకల మీద అడ్డంగా వెదురు కర్రలు. వాటి మధ్య ఎండు నెత్తళ్ళ ముక్కలు. తాడు లేదు, "రా, పో" లేదు. రోజుకి పది నిమిషాలు. మొదట్లో గడ్డి మీదికే వెళ్ళేది కాదు. రెండో వారానికి కర్రలు దాటడం మొదలెట్టింది. నాలుగో వారానికి ట్రాక్టరు పోతుంటే తలెత్తి చూసి, మళ్ళీ నెత్తళ్ళ వేటలో పడింది. పక్కింటి తాత చుట్ట కాలుస్తూ తేల్చేశాడు. "పనీపాటా లేని కుక్కకి అరుపే పని బావూ. దీనికి పనిచ్చారు, నోరు మూసింది."

ఒక్క కుక్కతో ఏదీ రుజువు కాదు. నరం దానంతట అదే కోలుకుని ఉండొచ్చు. పోల్చి చూడడానికి ఇంకో కర్రిగాడు లేడు. కాలు ఈడ్పు పూర్తిగా పోనూ లేదు. కానీ అయిన ఖర్చు నెత్తళ్ళ ఖరీదు. నేను చెప్పదలుచుకున్నది అదే.

ఎందుకు ఇదంతా ఇప్పుడు అంటే, 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుక్కలు చంపేసిన వీడియో చూసి నిద్ర పట్టనివాళ్ళలో నేనూ ఉన్నాను. కుక్కలు ముద్దొస్తాయి కాబట్టి మనుషులు సర్దుకోవాలి అనే వాదన నాది కాదు. వీధి కుక్కల విషయంలో మొదట కావాల్సింది రేబిస్ టీకా, తరవాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, తరవాత చెత్త తియ్యడం. 1996లో మొదలైన విశాఖ జంతు సంరక్షణ సంఘం, 1992లో అక్కినేని అమల మొదలెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ లాంటివి కుక్కల్ని చంపడానికి బదులుగా ఈ దారే చూపించాయి. 2001 నాటి నిబంధనలైనా, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలైనా చెప్పేది ఇదే. వాసన ఆటలు వీటికి బదులు కావు.

అయితే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది. పదకొండు రోజులకి ఆ ఆజ్ఞ సవరించి, ఆపరేషన్ చేసి టీకా వేసి తెచ్చిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ దాడి చేసేవీ తప్ప. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల ఉన్నవాటిని షెల్టర్లకి తరలించమంది. తప్పొప్పులు వదిలేద్దాం. ఇంజనీరుగా నాకొచ్చే ప్రశ్న ఒకటే. తరలించారు సరే, ఆ షెల్టరులో కుక్క పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేస్తుంది? సిమెంటు గచ్చు, ఇనుప తలుపు, పక్క గూటి అరుపులు, ఎప్పుడు పడుతుందో తెలియని పైపు నీళ్ళు. ఇది మెక్‌గిల్ గూడే కదా! మంట మీద ముక్కు పెట్టే కుక్కల్ని తయారు చేసే పద్ధతి 1957లోనే కాగితం మీద ఉంది. పైగా "దాడి చేసేవి" అని ముద్ర వేసి లోపల పెట్టే కుక్కలకి ఏ దారీ చూపించకపోతే, అది జైలు కాదు, ఫ్యాక్టరీ.

ఒక షెల్టరులో రోజుకి ఒక గంట, గూటికో గోనెసంచి, ఆవరణలో ఇసుకా పీచూ పరిచిన ఒక మూల, విసిరిన తిండిని వెతుక్కుని తిననివ్వడం, కాలు దెబ్బతిన్నవాటికి నాలుగు వెదురు కర్రలు. దీనికి టెండరు అక్కర్లేదు. గొలుసుకి కట్టేసి కాపలా కాయించే ఇళ్ళవాళ్ళకీ ఇదే మాట. గిన్నెలో పొయ్యకండి, పెరట్లో చల్లండి. నడకకి తీసుకెళ్తే స్తంభం దగ్గర లాక్కుపోకండి, రెండు నిమిషాలు వాసన చూడనివ్వండి. కుక్క ముక్కులో వాసన గ్రహించే కణాలు ఇరవై కోట్లకి పైనే. అంత పెద్ద యంత్రాన్ని పెట్టుకుని రోజంతా గేటు చువ్వలు చూస్తూ కూర్చోమంటే ఎవరికి పిచ్చెక్కదు?

"ఏటది?" అని అడిగే జంతువుకి రెండే రకాల జవాబులున్నాయి. ఒకటి కర్ర. రెండోది "నువ్వే చూసుకో" అనడం. మొదటి జవాబుతో ఏమొస్తుందో సరమ ఎప్పుడో చెప్పింది. రెండోది ఖరీదైనదని మాత్రం ఎవరూ అనకండి. మీ ఊళ్ళో షెల్టరు గానీ, కుక్కల ఆపరేషన్ సెంటరు గానీ ఉంటే ఒకసారి వెళ్ళి, లోపల కుక్కలకి చెయ్యడానికి ఏ పనుందో చూసి చెప్పండి. వినాలని ఉంది.